సర్వరు పాత చిరునామాను ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలి? హోస్ట్‌నేమ్ క్యాష్ అమర్చుకునే పద్ధతి

కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాంలలో మన సంఘాలకు, బడులకు, కల్యాణ మంటపాలకు ఇప్పుడు సొంత వెబ్‌సైట్లు ఉన్నాయి. వాటిని చూసుకునేది చాలాచోట్ల మన ఇళ్ల పిల్లలే. పగలు బెంగళూరులోనో చెన్నైలోనో పుణెలోనో ఉద్యోగం, రాత్రి భోజనాలయ్యాక సంఘం సైటు పని. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ల కోసం. సంఘం కార్యదర్శులు కూడా చివరి రెండు భాగాలు చదివితే, సర్వరు మార్చే రోజున ఏం అడగాలో తెలుస్తుంది.

ఇది రాయడానికి కారణం మాకు తగిలిన దెబ్బే. తెలుగును భాషా పాఠంగా రాయదలచిన పదో తరగతి పిల్లల వివరాలు సేకరించడానికి ఒకసారి మా పోర్టల్‌లో ఒక ఫారం పెట్టాం. అదే వారంలో డేటాబేసును పాత యంత్రం నుంచి కొత్త యంత్రానికి మార్చాం. పేరు అదే, చిరునామా మారింది. సైటు బాగానే తెరుచుకుంది, ఫారం నింపినవారికి 'అందింది' అన్న సందేశం కూడా వెళ్లింది. కానీ కొత్త డేటాబేసులో ఆ పేర్లు లేవు. ఫారం నడిపే ప్రోగ్రాము పాత చిరునామానే పట్టుకుని, అన్నీ పాత యంత్రంలోనే రాస్తూ పోయింది. ఆ యంత్రాన్ని తుడిచేసే ముందు అలవాటుగా ఒక నకలు తీసి ఉంచాం కాబట్టి పేర్లు దొరికాయి. లేకపోతే పిల్లల పేర్లు పోయేవి, తల్లిదండ్రులకు చెప్పడానికి మా దగ్గర జవాబు ఉండేది కాదు. తప్పు ఎక్కడుందని వెతికితే, ఒకే ఒక్క వరుసలో ఉన్న అమరిక దగ్గర తేలింది.

పేరు, చిరునామా, గడువు

ఇంటర్నెట్‌లో యంత్రాలు ఒకదాన్నొకటి అంకెల చిరునామాతో పిలుచుకుంటాయి. మనుషులకు పేరు కావాలి. మొదట్లో ఈ పేర్లన్నీ ఒకే ఫైలులో ఉండేవి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ దాన్ని నిర్వహించేది, మిగతావారు నకలు తెచ్చుకునేవారు. యంత్రాలు పెరిగేకొద్దీ అది మోయలేని బరువైంది. 1983లో పాల్ మొకపెట్రిస్ దానికి బదులుగా డీఎన్ఎస్ అనే పద్ధతిని రూపొందించారు. నేటికీ ఆధారంగా నిలిచిన దాని నియమాలు 1987లో వచ్చాయి.

ప్రతి పేరుకూ పక్కనే ఒక గడువు ఉంటుంది. దాన్ని టీటీఎల్ అంటారు, లెక్క సెకన్లలో. 300 అంటే అయిదు నిమిషాలు, 3600 అంటే గంట, 86400 అంటే ఒక రోజు. 'ఈ జవాబును ఇంతసేపు దాచుకోవచ్చు, ఆ తర్వాత మళ్లీ వచ్చి అడుగు' అని దాని అర్థం. ఇలా దాచుకోవడమే క్యాష్. చేతిలో ఆడే క్యాష్ కాదు, చేతికందేలా దాచుకునే క్యాష్.

దాచుకోకపోతే ప్రతి అభ్యర్థనకూ చిరునామా వెతకాలి, సర్వరు నెమ్మదిస్తుంది. డీఎన్ఎస్ కాసేపు ఆగితే సైటు కూడా ఆగిపోతుంది. మరీ ఎక్కువసేపు దాచుకుంటే, ఇల్లు మారినా పాత ఇంటికే ఉత్తరాలు పోతాయి. ఈ రెంటి మధ్య సరిపడే గడువు ఎంచుకోవడమే ఇక్కడి పని.

క్యాష్ ఒక్కచోట ఉండదు

కొత్తగా పని చేపట్టినవారు పొరబడేది ఇక్కడే. డీఎన్ఎస్‌లో చిరునామా మార్చి, తమ ఫోనులో చూసి, పని అయిపోయిందనుకుంటారు. కానీ ఒకే పేరుకు జవాబు ఎన్నో చోట్ల దాగి ఉంటుంది: ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ డీఎన్ఎస్ సర్వరులో, మీ సర్వరు యంత్రంలో నడిచే చిన్న డీఎన్ఎస్ సేవలో, ఆ యంత్రంపై నడిచే ఒక్కొక్క ప్రోగ్రాములో. మొదటి రెండూ సాధారణంగా టీటీఎల్‌ను గౌరవిస్తాయి. మూడోదానితోనే చిక్కు.

దానికి కారణం ఉంది. చాలా ప్రోగ్రాములు చిరునామా కోసం ఆపరేటింగ్ సిస్టమ్‌లోని గెట్‌అడ్రిన్ఫో అనే పిలుపును వాడతాయి. అది చిరునామా ఇస్తుంది గానీ టీటీఎల్ ఇవ్వదు. గడువెంతో తెలియని ప్రోగ్రాము, దాచుకోదలిస్తే తన సొంత లెక్క పెట్టుకోక తప్పదు. ఆ సొంత లెక్క ఏ ప్రోగ్రాములో ఎలా ఉందో ఒక్కొక్కటిగా చూద్దాం.

జావా ప్రోగ్రాములు

మా ఫారం జావాలోనే నడిచేది. జావా తనంతట తానే పేర్లను దాచుకుంటుంది. దాన్ని నిర్ణయించేది నెట్‌వర్క్‌అడ్రస్ డాట్ క్యాష్ డాట్ టీటీఎల్ అనే అమరిక. జావా 9 నుంచి ఇది జావా ఫోల్డరులోని కాన్ఫ్, దానిలోని సెక్యూరిటీ ఫోల్డరులో, జావా డాట్ సెక్యూరిటీ అనే ఫైలులో ఉంటుంది. విలువల అర్థం ఇది:

• మైనస్ 1 అంటే ప్రోగ్రాము ఆగేదాకా ఎప్పటికీ మరచిపోదు.
• 0 అంటే అసలు దాచుకోదు.
• అంతకు మించిన అంకె అంటే అన్ని సెకన్లు దాచుకుంటుంది.

ఏమీ రాయకపోతే ఓపెన్‌జేడీకేలో 30 సెకన్లు. అయితే సెక్యూరిటీ మేనేజర్ అనే పాత రక్షణ ఏర్పాటు నడుస్తున్నచోట ఏమీ రాయకపోయినా ఎప్పటికీ దాచుకునేది. ఆ ఏర్పాటును జావా 17లో వాడొద్దని ప్రకటించి, జావా 24లో శాశ్వతంగా ఆపేశారు. పాత జావాపై నడిచే పాత సైట్లు ఇంకా ఉన్నాయి కాబట్టి ఈ సంగతి గుర్తుండాలి. మా విషయంలో మాత్రం, ఎప్పుడో డీఎన్ఎస్ మొరాయించినప్పుడు ముందు పని చూసినవారు 'వేగం కోసం' అని మైనస్ 1 పెట్టి, ఆ మాట ఎక్కడా రాసి ఉంచలేదు.

ఇంకో మెలిక. ఇది సెక్యూరిటీ అమరిక. ప్రోగ్రామును మొదలుపెట్టే వరుసలో మైనస్ డి పెట్టి ఇదే పేరు రాస్తే జావా పట్టించుకోదు, తప్పని కూడా చెప్పదు. ఆ వరుసలోనే ఇవ్వాలంటే సన్ డాట్ నెట్ డాట్ ఐనెట్‌అడ్రర్ డాట్ టీటీఎల్ అనే పాత పేరు పనిచేస్తుంది. వీలైనంతవరకు ఫైలులోనే రాయండి. తర్వాత వచ్చేవారు వెతికేది అక్కడే.

మామూలు సంఘం సైటుకు 30 నుంచి 60 సెకన్లు సరిపోతుంది.

కనెక్షన్ పూల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జావా ప్రోగ్రాములు డేటాబేసుతో కొన్ని కనెక్షన్లను తెరిచి ఉంచుకుని మళ్లీ మళ్లీ వాడుకుంటాయి. తెరిచి ఉన్న కనెక్షన్‌కు పేరుతో పనిలేదు, పాత చిరునామాతోనే మాట్లాడుతుంది. ఎక్కువమంది వాడే హికారీసీపీలో ఒక కనెక్షన్ గరిష్ఠ ఆయుష్షు మొదటి అమరికలో 30 నిమిషాలు. అంటే క్యాష్ గడువు తీరినా, ఆ అరగంట పాటు పాత డేటాబేసులో రాతలు పడుతూనే ఉండవచ్చు.

ఇంజిన్ ఎక్స్

ముందు వరుసలో నిలబడి, వచ్చినవారిని లోపలి ప్రోగ్రాముకు పంపే పని చాలాచోట్ల ఇంజిన్ ఎక్స్‌దే. ప్రాక్సీ పాస్ అనే వరుసలో నేరుగా పేరు రాస్తే, అది మొదలైనప్పుడు లేదా రీలోడ్ చేసినప్పుడు ఒక్కసారి చిరునామా వెతుక్కుంటుంది. ఆ తర్వాత టీటీఎల్ ఎంతైనా మళ్లీ వెతకదు. మొదలయ్యే సమయంలో ఆ పేరు దొరక్కపోతే అసలు లేవనే లేవదు. డాకర్‌లో లోపలి ప్రోగ్రామును తీసి మళ్లీ నిలబెట్టాక 502 తప్పు కనబడటానికి ఎక్కువసార్లు కారణం ఇదే. కంటైనరు చిరునామా మారింది, ఇంజిన్ ఎక్స్‌కు ఆ సంగతి తెలియదు.

దీనికి మూడు దారులున్నాయి.

మొదటిది, చిరునామా మారినప్పుడల్లా రీలోడ్ చేయడం. ఏడాదికి ఒకసారి మారే సంఘం సైటుకు ఇది చాలు.

రెండోది, రిజాల్వర్ అనే వరుసలో డీఎన్ఎస్ సర్వరు చిరునామా ఇచ్చి, లోపలి ప్రోగ్రాము పేరును ఒక వేరియబుల్‌లో పెట్టి, ప్రాక్సీ పాస్‌లో ఆ వేరియబుల్‌ను వాడటం. అప్పుడు ఇంజిన్ ఎక్స్ టీటీఎల్‌ను అనుసరించి తిరిగి వెతుకుతుంది. రిజాల్వర్ వరుస చివర వ్యాలిడ్ ఈక్వల్స్ 30ఎస్ అని చేరిస్తే, టీటీఎల్‌తో నిమిత్తం లేకుండా 30 సెకన్లకోసారి వెతుకుతుంది. డాకర్ లోపల ఆ డీఎన్ఎస్ చిరునామా 127.0.0.11. వేరియబుల్ వాడినప్పుడు వెబ్ చిరునామాలో పేరు తర్వాత వచ్చే దారిని కలిపే తీరు మారుతుంది కాబట్టి, మార్చాక లోపలి పేజీలన్నీ ఒకసారి తెరిచి చూడండి.

మూడోది, అప్‌స్ట్రీమ్ విభాగంలోని సర్వరు వరుస చివర రిజాల్వ్ అనే మాట చేర్చడం. ఒకప్పుడు ఇది డబ్బు కట్టిన కూర్పులోనే ఉండేది. 1.27.3 నుంచి ఉచిత కూర్పులోనూ వచ్చింది. దీనికి కూడా రిజాల్వర్ వరుస కావాలి, అప్‌స్ట్రీమ్ విభాగంలో జోన్ వరుస కూడా ఉండాలి.

ఇంజిన్ ఎక్స్ రిజాల్వర్ యంత్రంలోని హోస్ట్స్ ఫైలును చదవదు. మీరు ఆ ఫైలులో చేత్తో రాసుకున్న పేర్లు రెండో, మూడో దారుల్లో పనిచేయవు.

మైఎస్‌క్యూఎల్

ఇక్కడ వెతుకులాట తిరగేసి ఉంటుంది. బయటి యంత్రం నుంచి ఎవరైనా కనెక్ట్ అయితే, ఆ చిరునామాకు పేరేమిటని మైఎస్‌క్యూఎల్ ముందు అడుగుతుంది. వచ్చిన పేరుకు మళ్లీ అదే చిరునామా వస్తుందో లేదో సరిచూస్తుంది. అనుమతులను యంత్రం పేరుతో ఇచ్చే వీలుండటమే దీనికి కారణం. ఈ జవాబులను హోస్ట్ క్యాష్‌లో దాచుకుంటుంది. అదే యంత్రం లోపలి నుంచి వచ్చే కనెక్షన్లకు ఈ క్యాష్ వాడదు.

హోస్ట్ క్యాష్ సైజ్ అమరికను వదిలేస్తే తనే లెక్కవేసుకుంటుంది: 128కి గరిష్ఠ కనెక్షన్ల సంఖ్య కలుపుతుంది. 500 దాటాక ప్రతి 20కి ఒకటి చొప్పున మాత్రమే పెంచుతుంది. ఎంత పెరిగినా 2000 దాటదు. గరిష్ఠ కనెక్షన్లు మొదటి అమరికలో 151 కాబట్టి మొత్తం 279. సంఘం సైటుకు ఇది ఎక్కువే.

చిక్కు సైజుతో కాదు. ఈ క్యాష్‌లోని జవాబుకు గడువు లేదు. చోటు నిండి పాతది బయటికి పోయేదాకా, లేదా మీరు ఖాళీ చేసేదాకా ఉంటుంది. వెబ్ సర్వరు చిరునామా, పేరు మార్చిన రోజున దీన్ని చేత్తో ఖాళీ చేయాలి. పెర్ఫార్మెన్స్ స్కీమాలోని హోస్ట్ క్యాష్ పట్టికపై ట్రంకేట్ టేబుల్ నడిపితే సరి. పాత పుస్తకాల్లో కనిపించే ఫ్లష్ హోస్ట్స్ ఆదేశాన్ని 8.0.23 నుంచి వాడొద్దంటున్నారు.

ఈ క్యాష్ తప్పులను కూడా లెక్కపెడుతుంది. ఒక యంత్రం నుంచి కనెక్షన్లు వరుసగా మధ్యలోనే తెగిపోతూ మ్యాక్స్ కనెక్ట్ ఎర్రర్స్ సంఖ్యను చేరితే, ఆ యంత్రాన్ని అడ్డుకుంటుంది. మొదటి అమరికలో ఆ సంఖ్య 100. తప్పు పాస్‌వర్డు ఈ లెక్కలోకి రాదు. అడ్డు తొలగించడానికి మందు పైన చెప్పిన ట్రంకేటే. తెగిపోవడానికి కారణం వెతకకుండా సంఖ్య మాత్రమే పెంచితే జబ్బు అలాగే ఉంటుంది.

కొత్త కనెక్షన్‌కు ప్రతిసారీ కొన్ని సెకన్ల ఆలస్యం కనిపిస్తే, చిరునామాకు పేరు చెప్పాల్సిన డీఎన్ఎస్ జవాబు ఇవ్వడం లేదని అనుమానించండి. స్కిప్ నేమ్ రిజాల్వ్ అమరిక ఆన్ చేస్తే పేర్ల వెతుకులాటే ఉండదు. కానీ ముందుగా వాడుకరుల పట్టికలో యంత్రం పేరుతో ఉన్న అనుమతులన్నీ అంకెల చిరునామాకు మార్చండి. 127.0.0.1కి కూడా విడిగా అనుమతి ఉండాలి, ఎందుకంటే అప్పుడు లోకల్‌హోస్ట్ పేరుతో ఉన్న అనుమతి దానికి వర్తించదు. ఈ ఒక్కటి మరచిపోయి, తమ డేటాబేసులోకి తామే పోలేక అర్ధరాత్రి తలపట్టుకున్నవారు చాలామంది ఉన్నారు.

మిగతావి క్లుప్తంగా

స్క్విడ్: బడిలో కంప్యూటర్ గదికి ప్రాక్సీగా పెట్టుకునేది ఇదే. పాజిటివ్ డీఎన్ఎస్ టీటీఎల్ అనేది దాచుకునే గరిష్ఠ సమయం, మొదట 6 గంటలు. నెగటివ్ డీఎన్ఎస్ టీటీఎల్ 1 నిమిషం. ఐపీ క్యాష్ సైజు 1024 పేర్లు. వీటిని కదపాల్సిన అవసరం అరుదు.

అపాచీ: హోస్ట్‌నేమ్ లుకప్స్ అనే అమరిక 1.3 కూర్పు నుంచి ఆఫ్‌లోనే ఉంటుంది, అలాగే ఉంచండి. ఆన్ చేస్తే వచ్చిన ప్రతి పాఠకుడి చిరునామాకూ పేరు వెతుకుతూ సైటు నత్తనడక నడుస్తుంది. లాగ్‌లో పేర్లు కావాలంటే తర్వాత తీరిగ్గా లాగ్‌రిజాల్వ్ అనే ఉపకరణంతో తీసుకోవచ్చు.

హెచ్ఏప్రాక్సీ: ఇదీ మొదలైనప్పుడు ఒక్కసారే వెతుకుతుంది. రిజాల్వర్స్ విభాగం రాసి, దాన్ని సర్వరు వరుసలో చూపితేనే మళ్లీ వెతుకుతుంది. హోల్డ్ వ్యాలిడ్ మొదటి విలువ 10 సెకన్లు.

యంత్రం స్థాయి క్యాష్

లినక్స్‌లోని జీలిబ్సీ తనంతట తాను పేర్లను దాచుకోదు. ఆ పని చేసే సేవ విడిగా ఉండాలి. ఉబుంటులో సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ ముందే ఉంటుంది, 127.0.0.53 దగ్గర వింటుంది. రిజాల్వ్‌సీటీఎల్ ఫ్లష్ క్యాషెస్ అన్న ఆదేశంతో ఖాళీ అవుతుంది. చిన్న ఆఫీసు మొత్తానికి ఒకే క్యాష్ కావాలంటే డీఎన్ఎస్‌మాస్క్ బాగుంటుంది. మొదట 150 పేర్లే దాచుకుంటుంది కాబట్టి 1000కి పెంచుకోవచ్చు. పెద్ద సర్వరులకు అన్‌బౌండ్ మంచిది. దానిలో క్యాష్ మ్యాక్స్ టీటీఎల్ 86400, క్యాష్ మిన్ టీటీఎల్ 0. కనిష్ఠ టీటీఎల్‌ను పెంచితే వేగం వస్తుందని కొందరు చెబుతారు. అలా చేస్తే, పేరు యజమాని అయిదు నిమిషాలు అన్నా మీరు గంట అంటున్నట్టే. జోలికి పోకండి.

'లేదు' అన్న జవాబునూ దాచుకుంటారు

పేరు లేదన్న జవాబును కూడా క్యాష్ గుర్తుపెట్టుకుంటుంది. దీని నియమాలు 1998లో స్థిరపడ్డాయి. ఎంతసేపన్నది మీ డొమైన్ ఎస్ఓఏ రికార్డు టీటీఎల్, ఆ రికార్డు చివరి అంకె, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది. కొత్త పేరు చేర్చకముందే 'వచ్చిందా' అని ఆత్రంగా వెతికితే, 'లేదు' అన్న జవాబు దాగి, చేర్చాక కూడా కాసేపు అదే వస్తుంది. ముందు చేర్చండి, తర్వాతే వెతకండి. జావాలో ఈ గడువు మొదట 10 సెకన్లు, దాన్ని పెంచవద్దు.

తెలుగు లిపిలో పేరున్న సైట్లు

మన లిపిలో డాట్ భారత్ కొసతో డొమైన్ పేర్లు తీసుకోవచ్చు. అయితే డీఎన్ఎస్‌లోనూ, ఏ క్యాష్‌లోనూ తెలుగు అక్షరాలు ఉండవు. బ్రౌజరు ఆ పేరును ఎక్స్, ఎన్, రెండు గీతలతో మొదలయ్యే ప్యూనీకోడ్ రూపంలోకి మార్చి అడుగుతుంది. అమరిక ఫైళ్లలో, లాగ్‌లలో వెతికేటప్పుడు ఆ రూపాన్నే వాడండి. తెలుగులో వెతికి 'లేదు' అనుకోవద్దు.

సర్వరు మార్చే రోజు: వరుస తప్పకూడని పనులు

1. రెండు రోజుల ముందే టీటీఎల్‌ను 300కి తగ్గించండి. పాత టీటీఎల్ ఒక రోజైతే, తగ్గించాక కనీసం ఒక రోజు ఆగాలి. అదే రోజు ఉదయం తగ్గించి సాయంత్రం మారిస్తే లాభం లేదు, పాత గడువుతో దాచుకున్నవారు దాచుకునే ఉంటారు.

2. ఆ పేరును ఎవరెవరు వాడుతున్నారో కాగితం మీద రాయండి: ఇంజిన్ ఎక్స్, జావా ప్రోగ్రాము, రాత్రి నకలు తీసే స్క్రిప్టు, మెయిలు. హోస్ట్స్ ఫైలులో పాత చిరునామా చేత్తో రాసి ఉందేమో చూడండి.

3. డేటా కొత్త యంత్రానికి చేర్చే ముందు పాత డేటాబేసును చదవడానికి మాత్రమే వీలుండేలా చేయండి. మైఎస్‌క్యూఎల్‌లో సూపర్ రీడ్ ఓన్లీ ఆన్ చేస్తే చాలు. మేం చేయనిది ఇదే. చేసి ఉంటే, దారితప్పిన ఫారం 'అందింది' అనకుండా అప్పటికప్పుడే తప్పు చూపించేది.

4. చిరునామా మార్చండి. డిగ్ ఆదేశంతో మీ డొమైన్ అసలు డీఎన్ఎస్ సర్వరును అడగండి, కొత్తది రావాలి. తర్వాత మీ యంత్రం క్యాష్‌ను అడగండి. ప్రతిసారీ టీటీఎల్ తగ్గుతూ కనిపిస్తే అది దాచుకున్న జవాబు. గెట్‌ఎంట్ హోస్ట్స్ ఆదేశం కూడా నడపండి. డిగ్ హోస్ట్స్ ఫైలును చూడదు, గెట్‌ఎంట్ మీ ప్రోగ్రాములు నడిచే దారిలోనే వెళ్లి చూస్తుంది.

5. ఇంజిన్ ఎక్స్‌ను రీలోడ్ చేయండి, జావా ప్రోగ్రామును ఆపి మళ్లీ మొదలుపెట్టండి, మైఎస్‌క్యూఎల్ హోస్ట్ క్యాష్ ఖాళీ చేయండి.

6. ఒక ఫారం మీరే నింపి, ఆ పేరు కొత్త డేటాబేసులో పడిందో లేదో కళ్లతో చూడండి. తెర మీద వచ్చిన సందేశాన్ని నమ్మవద్దు.

7. పాత యంత్రం లాగ్‌లో రాకపోకలు పూర్తిగా ఆగేదాకా దాన్ని మూయకండి. మూసేముందు నకలు తీయండి.

8. అంతా కుదుటపడ్డాక టీటీఎల్‌ను 3600కి పెంచండి.

కార్యదర్శులకు ఒక మాట

పని చూసే పిల్లవాణ్ని మూడు ప్రశ్నలు అడగండి. టీటీఎల్ ఎప్పుడు తగ్గించావు? పాత డేటాబేసులో రాతలు ఆపావా? మార్చిన ప్రతి అమరికా, దాని కారణమూ ఎక్కడ రాసి ఉంచావు? మూడోది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ సంఘం సైటు చూసే చేతులు రెండు మూడేళ్లకోసారి మారుతుంటాయి. ఒకరికి పెళ్లవుతుంది, ఇంకొకరు విదేశం వెళతారు. వాళ్లు పెట్టిన అంకె మాత్రం సర్వరులోనే ఉండిపోతుంది. మా సర్వరులో ఇప్పుడు అమరిక మార్చిన ప్రతిచోటా పైన ఒక వ్యాఖ్య ఉంటుంది: ఎవరు, ఏ తేదీన, ఎందుకు. జావా గడువు 60 సెకన్లకు దించినప్పుడు రాసిన మొదటి వ్యాఖ్యలో, ఆ ఫారం కథ రెండు వరుసల్లో ఉంది.